కోతకాలంలో ఇంజను ఆగినప్పుడు

(శాఖా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



యంత్రాలు, వాటిని నడిపే మనుషులు అనే విషయంపై మాట్లాడవలసిందిగా నన్ను ఆదేశించారు. సిద్ధాంతం చెప్పగల సమర్థులు ఈ సభలో అనేకులున్నారు. నేను డీజిలు షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడను. కనుక నేను కండ్లారా చూచిన ఒక ఇంజను వైఫల్యాన్నే మీ ముందుంచుతాను. అది రైలింజను కాదు, వరికోత యంత్రం. మనలో చాలమందిమి రైతు కుటుంబాల నుండి వచ్చినవారమే. కోతలనాడు సెలవు దరఖాస్తులు ఎందుకు పెరుగుతాయో ప్రతి శాఖా కార్యదర్శికీ తెలుసు. కావున ఈ విషయం మనకు పరాయిది కాదు.

అది 2023 డిసెంబరు మొదటి వారం. తెనాలి ప్రాంతంలో మా అన్నయ్యగారి ఎనిమిదెకరాల వరి కోతకు సిద్ధంగా ఉన్నది. బంగాళాఖాతంలోని వాయుగుండం తుపానుగా మారనున్నదని వాతావరణ శాఖ హెచ్చరించినది. ఆ తుపానే మిచౌంగ్. అది డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపంలో తీరం దాటినది. హెచ్చరిక వినగానే ఊరంతా ఒక్కసారిగా కోతకు దిగినది. తమిళనాడు నుండి వచ్చిన ఒక చైను మిషను 2వ తేదీ ఉదయం మా చేలో దిగి, మధ్యాహ్నం రెండు గంటలకు ఐదెకరాలు కోసినది. మరి మూడెకరాలు మిగిలి యుండగా వేడిని చూపే ముల్లు ఎర్రగీతను దాటినది. పొగగొట్టం నుండి తెల్లని పొగ దట్టంగా వెలువడినది. ఇంజను ఆగిపోయినది.

ఒక కుర్రవాడు కాలువ నుండి బిందెతో నీరు తెచ్చి ఇంజనుపై పోయబోయినాడు. నేను ఆపినాను. కాగిన పోత ఇనుముపై చన్నీరు పడితే పగులు తీస్తుంది. రేడియేటరు మూత తీయనివ్వలేదు. లోపల ఒత్తిడితో ఉన్న వేడి నీరు ఎగజిమ్మి ముఖం కాల్చిన సందర్భాలను షెడ్డులో ఎరుగుదును. గంటసేపు ఆగి నూనె కొలిచే పుల్లను తీసి చూచితిమి. నూనె నల్లగా ఉండుటకు బదులు పాలు కలిపిన తేనీటి వలె ఉన్నది. నూనెలో నీరు చేరినదని దాని అర్థం. హెడ్డు గ్యాస్కెట్ పోయినది.

కారణాన్ని వెదకుటకు ఎంతోసేపు పట్టలేదు. రేడియేటరు ముందున్న జల్లెడ గడ్డి నుసితోను, ఊకతోను పూర్తిగా మూసుకొనిపోయినది. గాలి లోపలికి పోయే దారి లేదు. క్రింది రబ్బరు గొట్టం బీటలు వారగా, దానికి పాత ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించి ఉన్నది. ఆ కట్టు వెంట నీరు కారిపోతూ వచ్చినది. గాలి లేదు, నీరు తగ్గినది. హెడ్డు కాగి వంగినది, గ్యాస్కెట్ విడిచినది, నీరు నూనెలో కలిసినది.

యంత్రం యజమాని ఫోనులో ఒక్కటే మాట పట్టుకొన్నాడు. నీరు నింపి, నూనె మార్చి, ఎట్లాగో ఆ మూడెకరాలు కోసి ముగించమన్నాడు. మా అన్నయ్య కూడ అదే కోరినాడు. ఆయన తప్పేమీ లేదు. ఆకాశం మబ్బు పట్టుచున్నది, అప్పు చేసి పెట్టిన పంట కండ్లయెదుట నిలిచి ఉన్నది. నేను వలదంటిని. నీరు కలిసిన నూనె బేరింగులను కాపాడదు. బహుశా ఇంకొక ఎకరం కోసి ఉండేది. ఆ తరువాత క్రాంకు పట్టివేసి, రెండు రోజులలో బాగుపడగల ఇంజను ఆ కోతకాలమంతటికీ పనికిరాకుండ పోయేది. వెనుక వరుసలో ఎదురుచూచు రైతులకు కూడ ఆ యంత్రం దక్కేది కాదు. అన్నయ్య ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

ఇక్కడ తపాలా సోదరుల అనుభవం నాకు గుర్తుకు వచ్చినది. మెయిలు బండి దారిలో ఆగినప్పుడు మీరు మొదట బండిని చూడరు, సంచులను చూస్తారు. సంచులు మరియొక బండిలో ముందుకు సాగిన తరువాతనే ఆగిన బండి సంగతి. మేమును అట్లే చేసితిమి. యంత్రం తొట్టెలో ధాన్యం నిండి ఉన్నది. దానిని బయటకు పోసే గొట్టం ఇంజనుతోనే నడుస్తుంది కనుక అది పనిచేయదు. పచ్చి ధాన్యం తొట్టెలో రాత్రంతా ఉంటే వేడెక్కి రంగు మారుతుంది. నలుగురం బక్కెట్లతో తోడి గోతాలకెత్తి, కోసిన ఐదెకరాల ధాన్యంతో సహా మెరకకు చేర్చి పట్టాలు కప్పితిమి. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటిన ధాన్యాన్ని తీసుకొనరు. యంత్రం కోసిన ధాన్యంలో తరచు అంతకు మించిన తేమ ఉంటుంది. ఆరబెట్టక తప్పదు, ఎండ మాత్రం లేదు.

మిగిలిన మూడెకరాలను కొడవళ్లతో కోయిద్దామని కొందరన్నారు. నేనొప్పుకొనలేదు. కోసి పనల మీద వదలిన వరి వానలో తడిస్తే నిలిచి ఉన్న వరికంటె త్వరగా మొలకెత్తుతుంది. కుప్ప వేయుటకు తగినంతమంది మనుషులు లేరు. ఒకప్పుడు ఆ ఊరిలో ఒక్క కేకకు ముఠాలు కదలివచ్చేవి. యంత్రం వచ్చిన తరువాత ఆ ముఠాలు చెదిరిపోయినవి. కొందరు ఇటుక బట్టీలకు, కొందరు పట్టణాలకు పోయినారు. యంత్రం ఆగిననాడు పిలుచుటకు మనిషి లేడు. యంత్రం వద్దని నేననుట లేదు. పాత ఏర్పాటును తీసివేసేవారు, కొత్తది ఆగితే ఏమి చేయవలెనో ముందే ఆలోచించవలెనని మాత్రమే అంటున్నాను. మన శాఖలలో పోస్టులు రద్దు చేసేటప్పుడు కూడ మనమడుగుచున్న ప్రశ్న ఇదే.

కావున చేలో నీరు నిలువకుండ గట్లు తెగగొట్టి కాలువలు తీసితిమి. 4, 5 తేదీలలో వాన, గాలి. పైరు నేలకు ఒరిగిపోయినది. వాన తెరిపి ఇచ్చిన వెంటనే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులపై చల్లితిమి. గింజ మొలకెత్తకుండుటకు వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పే ఉపాయమిది. ఈలోగా తెనాలి మెకానిక్కు హెడ్డు విప్పి లేతు షాపులో చదును చేయించినాడు. కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులను నడుమ నుండి అంచులకు, కొలత రెంచితో, విడతలుగా బిగించినాడు. నూనె మార్చి, గొట్టం మార్చినాడు. రెండు రోజుల పనికి తుపాను వలన ఐదు రోజులు పట్టినది. నేల గట్టిపడిన తరువాత అదే యంత్రం ఆ మూడెకరాలను కోసినది. గింజ కొంత రంగు మారినది, కొంత రాలిపోయినది. ధర తగ్గించి అమ్ముకొనవలసి వచ్చినది. అయినను పంట మొత్తం పోలేదు. వెనుకనున్న రైతుల చేలు కూడ ఆ యంత్రమే కోసినది.

సోదరులారా, అసలు విషయం ఇక మొదలవుతుంది. మరమ్మతు ముగిసినరోజు యజమాని వచ్చి, ఖర్చంతా డ్రైవరు జీతంలో కోసివేస్తానన్నాడు. ముల్లు ఎర్రగీత దాటువరకు చూడకపోవడం డ్రైవరు తప్పేనట. ఆ డ్రైవరుకు ముప్పై ఏండ్లు ఉండవు. భాష రాదు. తోడు ఒక్క సహాయకుడు.

షెడ్డులో ఇంజను విఫలమైతే మనమేమి చేస్తాము? ఎవరో ఒకరిని పట్టుకొని శిక్షించుట పై అధికారికి సులభం. దానిని ఎదిరించి, చివరి షెడ్యూలు ఎప్పుడు జరిగినది, నూనె పరీక్ష ఏమి చెప్పినది, డ్రైవరు ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నాడు అని ఒక్కొక్కటే కాగితంపై పెట్టించుట మన సంఘాలు నేర్పిన విద్య. నేను అదే చేసితిని. ఒక తెల్ల కాగితం తీసి వ్రాసితిని. గంటల మీటరు ప్రకారం ఆ యంత్రం అంతకు ముందు వారం రోజులు సగటున రోజుకు 14 గంటలు నడిచినది. జల్లెడ శుభ్రం చేయుటకు అరగంట ఆపుతానంటే, అద్దె గంటల లెక్కన వస్తుంది కనుక ఆపవద్దని యజమానియే చెప్పినాడు. గొట్టానికి కట్టు కట్టించినది కూడ ఆయనే. కొత్త గొట్టం కొనుటకు ఇష్టపడలేదు. ఆ కాగితాన్ని గ్రామ పెద్దల యెదుట చదివితిని. యజమాని చాలసేపు వాదించి, చివరకు మరమ్మతు ఖర్చు తానే భరించుటకు ఒప్పుకొన్నాడు. పని ఆగిన ఐదు రోజులకు మాత్రం బత్తా తప్ప జీతం ఇవ్వలేదు. దానిని నేను సాధించలేకపోతిని.

ఎందుకు సాధించలేకపోతినో ఆలోచించండి. 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల పని నియమానికి ప్రభుత్వాన్ని ఒప్పించినారు. 1974 మే 8వ తేదీన మొదలైన మహాసమ్మెలో వేలాదిమంది చెరసాలలకు పోయినారు. ఆ త్యాగాల మీద మన హక్కులు నిలిచి ఉన్నవి. ఆ డ్రైవరు వెనుక అటువంటి చరిత్ర లేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కొరకు 1979లో ఒక చట్టం వచ్చినది. కాని అది ఐదుగురు లేక అంతకు మించి పనిచేసే చోట్లకే వర్తించినది. ఒక యంత్రం, ఇద్దరు మనుషులు ఆ లెక్కలోకి రాలేదు.

ఆ డ్రైవరు మన స్టేషనులోనే రైలు దిగుతాడు, మన రైలులోనే తిరిగిపోతాడు. మీలో ప్రతి ఒక్కరు ఈ కోతకాలంలో మీ ఊరికి వెళ్లినప్పుడు మూడు పనులు చేయవలెనని కోరుచున్నాను. యంత్రం చేలో దిగకముందే గొట్టాలు, బెల్టులు, జల్లెడ చూడండి. రోజుకు రెండుసార్లు శుభ్రపరచుటకు విరామం ఇవ్వవలెనని రైతులచేతనే షరతు పెట్టించండి. ఇంజను ఆగితే డ్రైవరుపై నింద పడకముందే కాగితం, కలం తీయండి. వ్రాయడం మనకు సంఘం నేర్పినది. నేర్చిన దానిని నేర్వనివాని కొరకు వాడుట మన ధర్మం.

మా అన్నయ్య మరుసటి కోతకు కొత్త రబ్బరు గొట్టం ఒకటి తానే కొని ఇంటిలో పెట్టినాడు. ఎవరి యంత్రం వచ్చినా అక్కరకు వస్తుందన్నాడు. నాతో మాట్లాడుట కూడ మొదలుపెట్టినాడు.