మా ఇంటి ఓటు ఏ ఊరిది?

(షోలాపూర్‌లో జరిగిన స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో బి.కాం. మొదటి సంవత్సరం విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్ అందుకున్న వాళ్ళు తలా రెండు మాటలు చెప్పాలని పెద్దలు అన్నారు. చదువు విలువ గురించి మాట్లాడదామని రాసుకుని వచ్చాను. కాని ఆ సంగతి నాకంటే ముందు మాట్లాడిన అక్కయ్యలు, అన్నయ్యలు చక్కగా చెప్పారు. అందుకని ఆ కాగితం పక్కన పెట్టి, కొంతకాలంగా నా మనసులో ఉన్న ఇంకో విషయం చెబుతాను.

నాకు 2025 ఆగస్టులో పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఓటరుగా పేరు రాయించుకున్నాను. ఇప్పటి లోక్‌సభ 2024 జూన్‌లో ఏర్పడింది. మధ్యలో రద్దు కాకపోతే 2029లో జరిగే ఎన్నికలలో నేను మొదటిసారి పార్లమెంటుకు ఓటు వేస్తాను. "అప్పటిదాకా బోలెడు సమయం ఉంది కదమ్మా, ఇప్పటినుండే ఆలోచన ఎందుకు?" అని మీరు అడగవచ్చు. ఎందుకో తెలియాలంటే మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పాలి.

2024 మే 7న మన షోలాపూర్‌లో లోక్‌సభ పోలింగు జరిగింది. మా ఇంట్లో ఓటు వయసున్న వాళ్ళు ఐదుగురు: తాత, నాయనమ్మ, నాయిన, అమ్మ, కాక. ఆ రోజు సాయంత్రానికి ఇంట్లో సిరా గుర్తు పడిన వేలు ఒక్కటే. అది అమ్మది.

నాయిన అప్పుడు భీవండిలో సాంచెల మీద పని చేస్తున్నారు. ఛార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని రాలేకపోయారు. కాకకు ముప్పై ఏళ్ళు వచ్చినా అసలు పేరే రాయించుకోలేదు. తాత అయితే "నా ఓటు ఊర్ల ఉన్నది, ఆడికే పోయి వేస్త" అన్నారు. ఊరు అంటే తెలంగాణలో మా ముత్తాత పుట్టిన ఊరు. అక్కడ పోలింగు మే 13న. తాతకు ఇక్కడా ఒక కార్డు ఉంది, అక్కడా ఒక కార్డు ఉంది. తీరా చూస్తే ఆ ఎండలకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువై ఊరికి వెళ్ళలేదు. ఇక్కడా వేయలేదు, అక్కడా వేయలేదు.

నాయనమ్మ సంగతి వేరు. నలభై ఏళ్ళుగా చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసిన మనిషి. తన ఓటరు కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి రేషన్ కార్డుతో పాటు రేకు పెట్టెలో దాచుకుంటుంది. ఆ రోజు పొద్దున్నే తలంటుకుని, కార్డు పట్టుకుని లైనులో నిలబడింది. గంట దాటాక లోపలికి వెళితే జాబితాలో పేరు లేదన్నారు. మేము అంతకు నాలుగేళ్ళ ముందు అద్దె ఇల్లు మారి ఇంకో పేటకు వచ్చాం. మారినట్టు ఎవరికీ రాసి ఇవ్వలేదు. అమ్మ పేరు ఎట్లాగో మిగిలింది, నాయనమ్మ పేరు పోయింది. కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే అని మేమంతా అనుకున్నాం. అది తప్పు. కార్డు మనం ఫలానా అని చూపడానికే. ఓటు వేయాలంటే జాబితాలో పేరు ఉండాలి.

నాయనమ్మ ఇంటికి వచ్చి కార్డు పెట్టెలో పెట్టేసింది. అన్నం వడ్డిస్తే చాలాసేపు కలపకుండా కూర్చుంది. తరువాత ఒకే మాట అంది: "పేరు కొట్టేసిండ్రంటే నేను సచ్చిపోయిన్ననుకున్నరానే?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

తరువాత కాలేజీ లైబ్రరీలో మన మొదటి ఎన్నికల గురించి చదివాను. 1951-52లో జరిగిన ఆ ఎన్నికలకు దేశం మొత్తం మీద సుమారు 17 కోట్ల మంది ఓటర్లు. జాబితాలు తయారు చేసేటప్పుడు చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యను, ఫలానా వారి తల్లిని అని మాత్రమే చెప్పారట. అట్లా సొంత పేరు లేని కారణంగా దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లను జాబితాల నుండి తీసివేశారు. అది చదివినప్పుడు నాకు నాయనమ్మే గుర్తుకు వచ్చింది. ఆ తల్లులు పేరు చెప్పలేదు. మా నాయనమ్మ పేరు చెప్పగలదు, తెలుగులో సంతకం కూడా పెట్టగలదు. మేము చిరునామా చెప్పకపోవడం వల్ల ఆమె ఓటు పోయింది. తప్పు ఆమెది కాదు, ఇంట్లో చదువుకున్న మాది.

అందుకే నాకు వయసు రాగానే రెండు ఫారాలు నింపాను. కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6. ఒకటి నాకు, ఒకటి నాయనమ్మకు. ఇప్పుడు మా ఇద్దరి పేర్లూ ఒకే పోలింగు కేంద్రం జాబితాలో ఉన్నాయి. కాకతో కూడా ఫారం నింపించాను. నాయిన భీవండి నుండి తిరిగి వచ్చేశారు, ఆయన పేరు ఇక్కడే ఉంది. మిగిలింది తాత. అసలు కష్టం అక్కడే వచ్చింది.

ఒకే మనిషి పేరు రెండు నియోజకవర్గాల జాబితాలలో ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. తెలిసి తప్పుడు వివరం రాసి ఇస్తే ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 2025లో బీహారులో జాబితాల ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు తగ్గాయి. చనిపోయారు, ఊరు మారారు, రెండు చోట్ల ఉన్నారు అనేవి అధికారులు చెప్పిన కారణాలు. ఇవన్నీ తాతకు చెప్పి, ఊళ్ళో పేరు తీయించడానికి ఫారం 7 ఆయన ముందు పెట్టాను.

తాత కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, "ఊర్ల పేరు కొట్టేపిస్తే మనం ఆ ఊరోళ్ళం కాకుంట పోతమా బిడ్డా?" అన్నారు. "ఆడ మనకు ఇల్లున్నది. మా నాయిన మగ్గం గుంత ఇప్పటికీ ఆ ఇంట్లనే ఉన్నది."

ఈ మాట మా తాత ఒక్కరిదే కాదనుకుంటాను. ఈ హాలులో కూర్చున్న చాలా ఇళ్ళలో ఇదే మాట ఉంటుంది. మన ఇళ్ళలో టీవీ పెడితే తెలుగు ఛానళ్ళే వస్తాయి. అక్కడ ఏ మంత్రి ఏమన్నాడో, ఏ ఎమ్మెల్యే పార్టీ మారాడో మన వాళ్ళు గడగడ చెప్పగలరు. నేను మా వాడకట్టులో పదిమందిని అడిగాను, మన షోలాపూర్ లోక్‌సభ స్థానం కింద ఎన్ని అసెంబ్లీ స్థానాలు వస్తాయని. ఒక్కరూ చెప్పలేదు. నాకూ అంతకు ముందు రోజే తెలిసింది, ఆరు అని. అక్కల్‌కోట, పండరీపురం, మోహోళ్ కూడా మనతో పాటే ఓటు వేస్తాయని తెలియక, షోలాపూర్ అంటే మన పేటలే అనుకునేదాన్ని.

ఇంకో మాట కూడా విన్నాను. 2009 నుండి మన స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయింది కాబట్టి, "మనోళ్ళు నిలబడేది లేదు, మనకెందుకు?" అని. పెద్దలు క్షమించాలి, ఇది నాకు సరిగా తోచలేదు. పోటీ చేసే హక్కుకే రిజర్వేషన్. ఓటు అందరిదీ. గెలిచిన వారు మన పేటలకూ ఎంపీయే. మనోడు అయితేనే అడుగుతాను అనుకుంటే, అడగడం ఎప్పటికీ నేర్చుకోము.

మరి ఎంపీని ఏమి అడగాలి? నల్లా నీళ్ళు కార్పొరేషన్ చూస్తుంది. కనీస కూలి రేటు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పార్లమెంటుతో మనకేం పని అనుకునేదాన్ని. తరువాత మా అమ్మ బీడీ కార్మికుల గుర్తింపు కార్డు తీసి చూశాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ కార్డు మీదే నాకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ వచ్చింది. అది ఎక్కడి నుండి వచ్చిందని వెతికితే 1976లో పార్లమెంటు చేసిన బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం కనిపించింది. ఆ నిధి కోసం బీడీల మీద సెస్సు వసూలు చేసేవారు. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఆ సెస్సు ఎత్తివేశారు. బీడీ కార్మికుల పని పరిస్థితుల కోసం చేసిన 1966 నాటి చట్టం, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. ఇది మంచికా, చెడుకా అని తీర్పు చెప్పేంత చదువు నాకింకా లేదు. కాని ఇవన్నీ ఢిల్లీలో లోక్‌సభలో జరిగాయి. మా అమ్మ చాటలోని తునికాకుకూ, ఈ రోజు నా చేతిలో ఉన్న పుస్తకానికీ అక్కడితో సంబంధం ఉంది. 2029లో ఓటు అడగడానికి వచ్చిన వాళ్ళను నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: సెస్సు పోయాక బీడీ కార్మికుల పిల్లల చదువులకు, వైద్యానికి ఏటా ఎంత డబ్బు ఇస్తున్నారు? మీరు సభలో దాని గురించి ఎప్పుడైనా అడిగారా, అడుగుతారా?

ఎవరికి వేస్తావని మాత్రం నన్ను అడగకండి. అది మా ఇంట్లో కూడా చెప్పను.

తాత దగ్గరికి వస్తాను. నేను ఆయనకు చట్టంలోని 20వ సెక్షను చదివి వినిపించాను. ఒక ఊళ్ళో ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊళ్ళో నివసిస్తున్నట్టు కాదని అందులో ఉంది. తాత విని ఊరుకున్నారు. అప్పుడు చట్టం పక్కన పెట్టి అడిగాను. "తాతా, నీకు జ్వరం వస్తే ఏ ఊరి దవాఖానకు పోతవు? నేను ఏ ఊరి బళ్ళ చదివిన? మార్కండేయ రథం ఏ ఊర్ల గుంజుతవు?" భాష రాసుకోవడానికి జనగణనలో మాతృభాష అని వేరే గడి ఉంటుంది, అక్కడ తెలుగు అనే రాద్దాం అన్నాను. ఓటు ఫారంలో భాష అడగరు, ఉంటున్న చోటు అడుగుతారు. మన ఊరి వాళ్ళే నలుగురు 1931 జనవరి 12న ఉరికంబం ఎక్కారు: మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా. ఆ నలుగురి కులం, మతం ఒకటి కాదు. షోలాపూర్ మాత్రం ఒకటే.

తాత చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆయనే నన్ను ఒక ప్రశ్న వేశారు. "రేపు నౌకరి అని నువ్వు పుణెకు పోతవు. అప్పుడు నీ ఓటు ఏ ఊరిది?"

నా దగ్గర జవాబు ఉంది, ఫారం 8తో చిరునామా మార్చుకోవాలి అని. కాని ఆ మాట నోట రావడానికి సమయం పట్టింది. ఎందుకంటే ఈ ఊరు వదిలితే నా ఓటు కూడా ఈ ఊరును వదులుతుంది. తాతకు ఊరి పేరు కొట్టివేయడం ఎందుకు కష్టమో నాకు అప్పుడు అర్థమైంది. "ఆడ ఉంటే ఆడనే వేస్త తాతా" అన్నాను. తాత పెన్ను అడిగి సంతకం పెట్టారు. ఫారం ఊరికి పంపించాం. మగ్గం గుంత ఉన్న ఇంటి తాళం మాత్రం ఇప్పటికీ తాత మొలతాడుకే ఉంది. అది తీయమని నేను అడగలేదు, అడగను కూడా.

తోటి విద్యార్థులారా, మీతో నాలుగు మాటలు. ఓటు హక్కు వయసు 21 నుండి 18కి తగ్గింది 1989లో. అంతకు ముందు అయితే నేనింకా మూడేళ్ళు ఆగాలి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలలో ఏ తేదీకి 18 నిండినా పేరు చేర్చుకోవచ్చు. 17 నిండితే ముందుగానే దరఖాస్తు ఇవ్వవచ్చు. హాస్టలులో ఉండి చదివేవాళ్ళు ఇంటి దగ్గర గాని, చదివే చోట గాని ఒక్కచోటే రాయించుకోండి. అభ్యర్థులు తమ ఆస్తులు, కేసులు, చదువు గురించి ఇచ్చే ప్రమాణపత్రాలను ఇంట్లో పెద్దలకు మీరే చదివి వినిపించండి.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ఇల్లు మారినప్పుడు గ్యాసు చిరునామా మారుస్తాం, రేషన్ కార్డు మారుస్తాం. ఓటు చిరునామా కూడా మార్చండి. ఇంట్లో ముసలివాళ్ళ పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో పోలింగు రోజున కాదు, ఈ వారంలోనే చూడండి.

2029లో ఓటు వేసే రోజున నాయనమ్మ చేయి పట్టుకుని లైనులో నిలబడాలని నా కోరిక. అప్పటికి ఆమెకు ఎనభై దాటుతాయి. నాకంటే ముందు ఆమెనే లోపలికి పంపిస్తాను.