యుద్ధక్రీడలో ఆటగాడి చేతిలో ఎంత?



పాత దేవాలయాల మండపాల్లో బండల మీద త్రికోణాకారంలో చెక్కిన గీతలను మీలో చాలామంది చూసే ఉంటారు. అది పులిజూదం పటం. మన ఇళ్ళలో పులి-మేక అంటాం, ఇరుగుపొరుగు తమిళ సోదరులు ఆడుపులి ఆట్టం అంటారు. ఒకవైపు మూడు పులులు, మరోవైపు పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేకలన్నీ కూడబలుక్కొని పులులను కదలకుండా కట్టేస్తే గెలుపు మేకలదే. నియమాలు కచ్చితమైనవే. కానీ తరువాతి ఎత్తు ఏమిటో ఎవరూ ముందుగా రాసిపెట్టలేదు.

దీనికి భిన్నమైనది వీధినాటకం. వీరపాండ్య కట్టబొమ్మన కథ ఎవరు, ఎక్కడ ఆడినా చివరి ఘట్టం ఒక్కటే. 1799 అక్టోబరు 16న, మన కోవిల్‌పట్టికి దక్షిణాన ఉన్న కయత్తారులో ఉరికంబం. ఆ సంగతి తెలిసే వస్తాం, తెలిసే కన్నీరు పెడతాం.

ఈనాడు మన పిల్లలు కంప్యూటర్ల మీద ఆడే యుద్ధక్రీడల్లో ఈ రెండు పద్ధతులూ కనిపిస్తాయి. 1991లో వచ్చిన సివిలైజేషన్ పులిజూదం వంటిది. ఏ రాజ్యాన్ని పెంచాలో, ఎవరితో సంధి చేసుకోవాలో ఆటగాడి ఇష్టం. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ ఆటలో జోన్ ఆఫ్ ఆర్క్ కథ వీధినాటకం వంటిది. ఆటగాడు ప్రతి పోరులోనూ గెలుస్తూ వచ్చినా, ఆ వీరనారి పట్టుబడి మంటలకు ఆహుతి కావడం ఆగదు. చివరి యుద్ధం ఆమె లేకుండానే సాగుతుంది.

ఇందులో ఏది మేలు? పిల్లల ఆటకు ఇంత ఆలోచన దేనికని కొందరు అనవచ్చు. అయితే సైన్యాలు కూడా యుద్ధక్రీడలు ఆడతాయి. 2002లో అమెరికా సుమారు 25 కోట్ల డాలర్ల ఖర్చుతో ఒక పెద్ద విన్యాసం జరిపింది. శత్రుపక్షం బాధ్యతను పాల్ వాన్ రైపర్ అనే విశ్రాంత సేనానికి అప్పగించారు. ఆయన రేడియో వాడితే ఎదుటివారు వింటారని, మోటారు సైకిళ్ళ మీద వార్తాహరులను పంపాడు. హఠాత్తుగా దాడి చేసి, ఆట లెక్కలో పదహారు నౌకలను ముంచాడు. నిర్వాహకులు ఆ నౌకలను మళ్ళీ తేల్చి, ఆటను తిరిగి ప్రారంభించారు. ఆపైన ఆయన చేతులకు అనేక ఆంక్షలు తగిలించారు. ఇది పరీక్ష కాదు, ముందే రాసిన నాటకమని ఆయన మధ్యలోనే ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాడు. గెలుపు ముందే రాసుకున్న ఆట మనకు లోపాలు చూపదు, పొగడ్త మాత్రమే వినిపిస్తుంది.

అలాగని హద్దులేని స్వేచ్ఛ కూడా మంచిది కాదు. పాంచాలంకురిచ్చి కోట మీద ఎవరైనా ఒక ఆట తయారు చేశారనుకుందాం. కట్టబొమ్మన చేతికి లేని ఫిరంగులిచ్చి సులువుగా గెలిపిస్తే, మన తెలుగు పాళెగాడు ఎంతటి బలాన్ని ఎదిరించాడో పిల్లవాడికి తెలియదు. అలాగని ఏ పని చేసినా కయత్తారుకే చేరేట్లు రాస్తే, ఆ వీరుడు విధి చేతిలో కీలుబొమ్మ అయిపోతాడు.

నిజానికి ఆయన ముందు దారులున్నాయి. 1799 సెప్టెంబరులో బానర్‌మన్ సేన చేసిన మొదటి దాడిని కోట తిప్పికొట్టింది. తరువాత కోటలోనే నిలవాలా, రాత్రివేళ వెళ్ళిపోవాలా, ఎవరిని నమ్మాలి? ఎట్టయాపురం పాళెగాడూ తెలుగువాడే, కాని కుంపిణీ పక్షాన నిలిచాడు. కట్టబొమ్మన కోట విడిచాడు, పుదుక్కోట సీమలో పట్టుబడ్డాడు. ఆయన తమ్ముడు ఊమైదురై 1801లో పాళయంకోట చెర నుండి తప్పించుకొని, కూలిన కోటను మళ్ళీ లేపి పోరాడాడు. అంటే కయత్తారుతో కథ ముగియలేదు.

కనుక నా మనవి ఇది. ఆట మొదలయ్యే స్థితి, బలాబలాలు చరిత్ర చెప్పినట్లే ఉండాలి. అక్కడి నుండి ఎత్తులు ఆటగాడివి కావాలి. ఓడిన పులిని మధ్యవర్తి బతికించకూడదు. ఆట ముగిశాక, అసలు జరిగిందేమిటో పెద్దలు పక్కన కూర్చొని చెప్పాలి. తాను వేసిన ఎత్తుకూ, ఆనాడు వారు వేసిన ఎత్తుకూ తేడా చూసుకున్న పిల్లవాడికి చరిత్ర తేదీల పట్టికగా మిగలదు. ఆ తేదీల వెనుక మనుషులు తీసుకున్న నిర్ణయాలు కనిపిస్తాయి.