రోగికి మిత్రుడెవ్వడు?



భారతమున యక్షుడు వేసిన ప్రశ్నలలో రోగికి మిత్రుడెవ్వడను ప్రశ్న యొకటి కలదు. ధర్మరాజు వైద్యుడని చెప్పి యక్షుని మెప్పించెను. అయితే ఆ రోగి పదునారేండ్ల బాలుడై, వ్యాధి నలుగురిలో చెప్పుకొనరానిదైనచో, వైద్యుడొక్కడే చాలునా? దీనికి ఆఫ్రికా ఖండమందలి జింబాబ్వే యువజనులు చెప్పిన సమాధానము వినదగినది.

ఆ దేశమున తల్లి వలన హెచ్.ఐ.వి. సోకిన శిశువులనేకులు మందుల పుణ్యమున పెరిగి పెద్దవారైరి. ఆ మందు ప్రతిదినము, జీవితాంతము, మానక మ్రింగవలెను. అట్లు మ్రింగినచో రక్తమున క్రిమి పరీక్షకు సైతము అందనంతగా తగ్గును. అట్లు తగ్గి నిలిచినంతకాలము వారి వలన దాంపత్యమున రెండవవారికి వ్యాధి సోకదు. మానినచో క్రిమి మరల తలయెత్తును. మందుకు లొంగకయు పోవచ్చును. పసితనమున తల్లియో, అవ్వయో మ్రింగించును. పదునైదేండ్లు వచ్చుసరికి చిక్కులు మొదలగును. స్నేహితుల యెదుట మాత్ర తీయుటకు సిగ్గు. ఆసుపత్రి వరుసలో నిలిచినచో బడి పోవును, గుట్టు బయటపడును. ఇంతకాలము తనకేల చెప్పలేదని పెద్దలపై కోపము. పెండ్లి యగునా, బిడ్డలు కలుగుదురా యను దిగులు. దీనినంతయు పొగరని మందలించు పెద్దలు ఎల్లచోట్ల కలరు. మందలింపుతో మాత్ర గొంతు దిగదు.

2004లో హరారే నగరమున అట్టి పిల్లలు కొందరొక చిన్న కూటమిగా చేరిరి. దాని పేరు జ్వందిరి; షోనా భాషలో ‘నేనున్నట్లుగానే’ అని అర్థము. ఆ కూటమి నుండి పెరిగిన పద్ధతి యిది: అదే వ్యాధితో జీవించుచున్న 18 మొదలు 24 ఏండ్ల యువతీయువకులకు శిక్షణ నిచ్చి ఆరోగ్య కేంద్రమునకు అనుబంధింతురు. వారు తమకంటె చిన్నవారి యిండ్లకు పోయి పలుకరింతురు, మందు మానినవారిని తోడితెత్తురు, దిగులు మితిమీరినచో నర్సుకు తెలుపుదురు. తాను మ్రింగు మాత్రనే మ్రింగుమని చెప్పువాని మాటకుండు బరువు వేరు.

మంచిమాటకైనను లెక్క యడుగుట న్యాయమే. బిందూరా, షాంవా జిల్లాలలో 16 ఆరోగ్య కేంద్రములను రెండు పాళ్లు చేసి, ఒక పాలికి మామూలు చికిత్స, రెండవదానికి చికిత్సతోపాటు ఈ తోడును కల్పించిరి. ఫలితము 2020లో ప్రకటితమైనది. 96 వారములు గడచునప్పటికి, క్రిమి అణగనివారును మరణించినవారును కలిసి మొదటి పాలిలో నూటికి 36 మంది, రెండవ పాలిలో 25 మంది. ఇరువదియైదును ఊరడిల్లదగిన సంఖ్య కాదు. అయినను నూటికి పదునొకండుగురు బిడ్డలు చిన్నలెక్క కాదు.

మన దేశమున ఈ మందును ప్రభుత్వము 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితముగా నిచ్చుచున్నది. 2017లో చేసిన చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చెను. వ్యాధి కారణమున బడిలో చేర్చుకొనకుండుట దాని ప్రకారము నిషిద్ధము. వ్యాధి పాలైన కుటుంబపు వ్యవహారములు నడుపుచున్న పిల్లలు, 18 నిండకున్నను, 12 ఏండ్లకు తక్కువ కాక తగిన వివేకము కలవారైనచో, తమ్ములకు చెల్లెండ్రకు సంరక్షకులుగా నుండి బడిలో చేర్పించుటకు, చికిత్స చేయించుటకు, బ్యాంకు ఖాతా నడుపుటకు అర్హులని 32వ సెక్షను చెప్పుచున్నది. తండ్రి సంతకమే కావలెనని పట్టుబట్టువారికి దానిని చూపవచ్చును.