పుస్తకం ఎవరి చేతిలో పెడుతున్నాం?



ఈ ఏడాది మా బృందంలో కెనడా క్వీర్ నవలలు కొన్ని చదివాం. వాటిలో మూడింటిని చదవమని చెప్పడానికి వచ్చాం. ముందుగా ఒక తల్లి సంగతి చెప్పాలి.

"మా అబ్బాయి మగవాళ్లనే ఇష్టపడతానంటున్నాడు. వాణ్ని మార్చే పుస్తకం ఏదైనా ఉందా?" అని ఆమె అడిగారు. అలాంటి పుస్తకం లేదని, అబ్బాయిది జబ్బు కాదని చెప్పాం. ఆమెనే చదవమని శ్యామ్ సెల్వదురై నవల 'ఫన్నీ బాయ్' ఇచ్చాం. ఇంగ్లీషు కష్టమంటే కూర్చుని తెలుగులో చెప్పాం.

సెల్వదురై కొలంబోలో పుట్టారు. 1983 అల్లర్ల తర్వాత కుటుంబంతో కెనడా చేరారు. 1994లో వచ్చిన ఈ నవల కథ శ్రీలంకలోనే జరుగుతుంది. ఆర్జీ అనే తమిళ పిల్లవాడు ఆదివారాలు తాతగారింట్లో ఆడపిల్లలతో పెళ్లాట ఆడతాడు. పెళ్లికూతురు తనే. పెద్దలు చూసి, మగపిల్లలతో క్రికెట్ ఆడమంటారు. ఎందుకని అడిగితే తల్లి దగ్గర సరైన జవాబు ఉండదు. చివరికి అల్లరిమూకలు వాళ్ల ఇల్లు తగలబెడతాయి.

పరభాషా రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటున్న మనకు ఆ ఇల్లు కాలడం వెంటనే అర్థమవుతుంది. మేమూ దాని గురించే గంటసేపు మాట్లాడుకున్నాం. అంతకుముందే, ప్రేమించేవాళ్ల చేతుల్లోనే ఆ పిల్లవాడు పరాయివాడయ్యాడన్నది మాకు తట్టలేదు. ఆ తల్లికి తట్టింది. "నేనూ మా వాడికి జవాబు చెప్పకుండా మాట దాటేశాను" అన్నారు.

రెండోది జాషువా వైట్‌హెడ్ రాసిన 'జానీ యాపిల్‌సీడ్', 2018. రచయిత ఆదివాసీ. విన్నిపెగ్ నగరంలో బతుకుతున్న ఆదివాసీ యువకుడు సవతి తండ్రి అంత్యక్రియలకు సొంత ఊరు వెళ్లాలి. అతణ్ని ఉన్నవాణ్ని ఉన్నట్టే ప్రేమించిన అమ్మమ్మ జ్ఞాపకాలు ఈ నవలకు ప్రాణం. శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది. ఆ మాట ముందే చెప్పి ఇవ్వాలి.

మూడోది టామ్సన్ హైవే 1998లో రాసిన 'కిస్ ఆఫ్ ద ఫర్ క్వీన్'. క్రీ తెగకు చెందిన అన్నదమ్ములను కాథలిక్ బోర్డింగ్ స్కూలుకు పంపుతారు. అక్కడ వాళ్ల పేర్లు పోతాయి, మాతృభాష పోతుంది. ఒక ఫాదర్ వాళ్లపై లైంగిక అత్యాచారం చేస్తాడు. పెద్దయ్యాక తమ్ముడు మగవాళ్లను ప్రేమిస్తాడు, గొప్ప నర్తకుడవుతాడు, ఎయిడ్స్‌తో చనిపోతాడు. పాపమన్నది ఎవరిదో, శిక్ష ఎవరికి పడిందో సంఘంగా మనం కూర్చుని ఆలోచించాల్సిన నవల ఇది.

ఒక మనవి. మీరు చదవని పుస్తకం ఇంకొకరికి ఇవ్వకండి. నలుగురిలో ఎవరినో పిలిచి "ఇది నీకోసమే" అనకండి. వాళ్లు చెప్పుకోని సంగతిని మీరు బయటపెట్టినట్టవుతుంది. ఇచ్చాక "మనసు మారిందా?" అని వెంటపడకండి.

ఆ తల్లి దగ్గర మా పుస్తకం ఇంకా ఉంది. కొడుకు పండక్కి వస్తున్నాడట. మేం తిరిగి అడగలేదు.