లైటర్‌లో స్ఫటికం

గ్యాస్ పొయ్యి వెలిగించే లైటర్‌లో బ్యాటరీ ఉండదు. అయినా మీట నొక్కగానే నిప్పురవ్వ వస్తుంది. లోపలి పింగాణీ ముక్క మీద చిన్న సుత్తి దెబ్బ పడి వేల వోల్టులు పుడతాయి. ఆ ముక్క సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన ఆక్సైడు; అది పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక జాతిది.

ఈ జాతిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది బేరియం టైటనేట్. ఆరు ఆక్సిజన్ల నడుమ ఒక టైటానియం. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ పైన అది సరిగ్గా మధ్యలో ఉంటుంది, చల్లబడితే కాస్త పక్కకు జరుగుతుంది. దాని విద్యుత్ ధర్మాలకు మూలం ఆ జరుగుడే. సౌష్ఠవం తగ్గితే కొత్త గుణం పుడుతుందన్నమాట! స్ఫటిక సౌష్ఠవానికీ భౌతిక ధర్మాలకూ ఉన్న ఈ లంకె మీద 1966లో గ్రంథం వెలువరించిన సూరి భగవంతం మన ఉమ్మడి కృష్ణా జిల్లా బిడ్డే.

బేరియం టైటనేట్‌ను నానో రేణువులుగా చేస్తే కెపాసిటర్ పొరలను మైక్రాన్ కన్నా పలచగా వేయవచ్చు. మీ సెల్‌ఫోన్‌లో అలాంటి కెపాసిటర్లు వందల్లో ఉంటాయి. రేణువు మరీ చిన్నదైతే మాత్రం ఆ విద్యుత్ గుణమే సన్నగిల్లుతుంది. ఇదే జాతికి చెందిన లాంథనం ఫెర్రైట్ నానో రేణువుల విద్యుత్ నిరోధం కొన్ని వాయువులు తగిలితే మారుతుంది. అందుకే వాటిని వాయు సెన్సర్లకు పరీక్షిస్తున్నారు.

లైటర్ ముక్కలో సీసం ఉంది. పాడైపోతే చెరువుగట్టున పారేయకండి. సీసం లేని పెరోవ్‌స్కైట్ల కోసం పరిశోధనలు సాగుతున్నాయి.