యుద్ధం నుంచి వచ్చిన మనిషికి ఊపిరి పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. నా తరవాత భోజనాలని తెలుసు కాబట్టి గీత దాటను.

నేను 1986 టెన్త్ బ్యాచ్. అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటాను. కరెంటు సబ్‌స్టేషన్లకు రక్షణ రిలేలు అమర్చే ఇంజనీర్ని. యోగా గురించి చెప్పడానికి ఇతనెవరు అని మీకనిపిస్తే తప్పు లేదు. మా ఇంటికి దగ్గర్లో శనివారం పొద్దున మాజీ సైనికులకు ఒక యోగా క్లాసు జరుగుతుంది. ఆరేళ్లుగా అక్కడ చాపలు పరిచే పని నాది. నేర్పేది ఆర్మీలో నర్సుగా చేసి వచ్చిన ఒకావిడ. ఇండియా వాణ్ని కదా, ఆసనాలన్నీ వచ్చి ఉంటాయని మొదట్లో ఆవిడ ఆశపడ్డారు. పద్మాసనం వెయ్యబోయి నా మోకాలు పట్టేసిన రోజున ఆ ఆశ వదులుకున్నారు.

ఆ క్లాసుకు వచ్చేవాళ్లలో వియత్నాం చూసిన ముసలివాళ్లున్నారు, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ చూసిన పడుచువాళ్లున్నారు. చాలామందికి పీటీఎస్‌డీ ఉంది. ఘోరమైనది చూసి వచ్చాక మనసుకు, ఒంటికి పట్టుకుని వదలని జబ్బు అది. నిద్రలో అదే దృశ్యం మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్ని గుర్తుచేసే చోటికి, మనిషి దగ్గరికి వెళ్లరు. సంతోషం తగలదు. చిన్న చప్పుడుకి ఉలిక్కిపడతారు.

నాకు అర్థమైన భాషలో చెబుతాను. మా రిలే పని ఏమిటంటే, లైన్లో లోపం వచ్చిన కొన్ని మిల్లీ సెకన్లలో బ్రేకర్ పడగొట్టాలి. ఆలోచించే టైము దానికి ఉండదు. యుద్ధంలో ఉన్నవాడి ఒళ్లు కూడా అలా సెట్ అవుతుంది, అలా సెట్ అయినవాడే బతికి వస్తాడు. ఇంటికొచ్చాక కుక్కర్ విజిల్‌కి, తలుపు దబాల్న పడినందుకు ట్రిప్ అవుతూనే ఉంటుంది. రిలే బాగానే ఉంది. సెట్టింగు అక్కడిది, ఊరు ఇక్కడిది.

దీన్ని పిరికితనం అనుకున్న రోజులున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు వణుకుతూ, మాట పడిపోయి వెనక్కి వస్తుంటే 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు 'షెల్ షాక్' అన్న మాటతో ఒక వ్యాసం రాశాడు. అదే యుద్ధంలో పారిపోయారని, పిరికివాళ్లని బ్రిటిష్ సైన్యం తన వాళ్లనే మూడు వందల మందికి పైగా కాల్చి చంపింది. అందులో ఈ జబ్బు ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు క్షమాపణ దక్కింది 2006లో! అమెరికా మానసిక వైద్యుల సంఘం పీటీఎస్‌డీ అన్న పేరును తన పుస్తకంలో చేర్చింది 1980లో, అదీ వియత్నాం నుంచి వచ్చినవాళ్లు గట్టిగా అడిగాక. అలాగని సైన్యంలో చేసిన ప్రతివాడికీ ఇది వస్తుందనుకోకండి. అమెరికాలో మాజీ సైనికుల శాఖ లెక్క ప్రకారం వంద మందిలో ఏడుగురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

మరి ఊపిరి ఏం చేస్తుంది? గుండెను నెమ్మదించు అంటే వినదు. చెమటను ఆగు అంటే ఆగదు. ఊపిరి మాత్రం తనంతట తాను నడుస్తుంది, మనం చెప్పినా వింటుంది. పీల్చినప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. వేగస్ అనే నాడి చేసే పని ఇది. అందుకే మా క్లాసులో వదలడం పీల్చడం కంటే పొడుగ్గా ఉంటుంది. నిమిషానికి ఐదారు ఊపిర్లు. చూడ్డానికి ఇంతే. కపాలభాతి, భస్త్రిక లాంటివి అక్కడ కొత్తవాళ్లకు చెప్పరు. ఊపిరి వేగం పెరిగితే కొందరికి అదే భయంలా అనిపిస్తుంది, మళ్లీ ట్రిప్.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ గది పద్ధతి. లైట్లు ఆర్పరు. ఎక్కడ కూర్చున్నా తలుపు కనబడేలా చాపలు పరుస్తాను. గోడకు ఆనుకునే జాగాలే ముందు నిండిపోతాయి. టీచరు ఎవరి వెనక నుంచీ నడవదు, చెయ్యేసి ఆసనం సరిచెయ్యదు. బెల్టులు వాడరు, కట్టేసినట్టుంటుందని. కళ్లు మూసుకోమని ఆజ్ఞ ఉండదు, 'కావాలంటే మూసుకోండి, లేదంటే నేల చూడండి' అంటుంది. జీవితమంతా ఆజ్ఞలు విన్నవాళ్లకు ఆ 'కావాలంటే' ఎంత పెద్ద మాటో నాకు అక్కడే తెలిసింది. చివర్లో పడుకుంటారు గానీ, దాన్ని శవాసనం అనరు. శవాలు మోసినవాళ్లున్న గదిలో ఆ పేరెందుకు? ఒకాయన మొదటి మూడు నెలలు బూట్లు విప్పకుండా తలుపు పక్క కుర్చీలో కూర్చుని వెళ్లిపోయేవాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు చాప మీదే ఉంటున్నాడు, బూట్లు మాత్రం చేతికందేంత దూరంలో పెట్టుకుంటాడు.

మన యోగనిద్ర కూడా అక్కడికి చేరింది. 2006లో వాషింగ్టన్ వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో దాన్ని పరీక్షించారు. సైనికులకు అలవాటయ్యేలా 'ఐరెస్ట్' అని పేరు మార్చుకుంది. పేరు పోయిందని నాకేం బాధ లేదు, నిద్ర పడితే చాలు.

ఇక రుజువులు. 2014లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 21 మంది మాజీ సైనికులతో శ్వాస సాధన మీద చేసిన అధ్యయనంలో, వారం నేర్చుకున్నవాళ్లకు లక్షణాలు తగ్గాయి, ఏడాది తరవాత చూసినా ఆ మేలు నిలిచింది. అయితే 21 మందే. 2015లో మా ఊరి మాజీ సైనికుల ఆసుపత్రిలో 116 మందితో ధ్యానం పరీక్షించారు. చికిత్స పూర్తయిన రెండు నెలలకు ధ్యానం చేసినవాళ్లలో 49 శాతం మందికి, వేరే బృంద చికిత్స తీసుకున్నవాళ్లలో 28 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. జబ్బు పూర్తిగా పోయినవాళ్ల సంఖ్యలో మాత్రం రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. ఇంజనీరుగా నాకు ఈ రెండో వాక్యం ముఖ్యం. 'యోగాతో సమస్తం మాయం' అని వాట్సాప్‌లో పంపేవాళ్లు దాన్ని ఎప్పుడూ పంపరు. ఆ జ్ఞాపకాన్నే ఎదురుగా పెట్టుకుని నిపుణులతో మాట్లాడే చికిత్సలున్నాయి, అవసరమైతే మందులున్నాయి. ముందు నిలబడేవి అవే. ఊపిరి వాటికి తోడు. అర్ధరాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు డాక్టరు పక్కన ఉండడు, ఊపిరి ఉంటుంది.

ఇదంతా అమెరికా గోల అనుకోకండి. పశ్చిమ గోదావరిలో మాధవరం ఉంది, తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లారు కాబట్టి మిలిటరీ మాధవరం అయింది. మన బడి నుంచీ వెళ్లినవాళ్లున్నారు. మా బ్యాచ్ వాడొకడు కార్గిల్‌లో ఫిరంగి దళంలో చేశాడు. పేరు చెప్పొద్దురా, విషయం చెప్పు అన్నాడు. పాతికేళ్లు దాటింది. దీపావళికి ఊళ్లో ఉండడు, పొలంలో మోటారు షెడ్డుకి పోయి పడుకుంటాడు. పీడకలలని ఇంట్లో అంటే వాళ్లమ్మగారు తాయెత్తు కట్టించారు. డాక్టరు దగ్గరికి వెళ్లింది రెండేళ్ల కిందట, భార్య పట్టుబడితే. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లు ఉన్నాయి. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. తాగుడు పెరిగినా, చావు మాట ఎత్తినా మర్నాటి దాకా ఆగకండి.

ఇప్పుడు కమిటీ వారికి ఒక విన్నపం. ఈ రాత్రి బాణసంచా ఉందని కార్యక్రమ పత్రంలో చూశాను. జులై నాలుగున అమెరికాలో కొన్ని ఇళ్ల ముందు బోర్డులు కనిపిస్తాయి, 'ఇక్కడ యుద్ధం చూసిన మనిషి ఉన్నాడు, బాణసంచా చూసి కాల్చండి' అని. ఎప్పుడు పేలుతుందో తెలియకపోవడమే ఎక్కువ బాధ. మావాడు కూడా 'మానెయ్యమని చెప్పకు, పిల్లలు సరదా పడతారు, ఎన్నింటికో చెప్తే చాలు' అన్నాడు. ఉదయం సెక్రటరీగారితో మాట్లాడాను. ఎనిమిదింటికి మొదలుపెట్టి పది నిమిషాల్లో ముగిస్తారు. మైకులో ముందుగా చెబుతారు. లక్ష్మీబాంబులు ఉండవు, చిచ్చుబుడ్లు, మతాబులే. వారికి నా ధన్యవాదాలు.

రేపు పొద్దున ఆరున్నరకు పదో తరగతి బి సెక్షన్ గదిలో అరగంట ఊపిరి సాధన పెట్టుకున్నాం. ఎవరైనా రావచ్చు, ఆసనాలు ఉండవు. కుర్చీల్లోనే కూర్చుందాం, లైట్లు వేసి, తలుపు తీసి ఉంచుతాం. మావాడు వస్తానన్నాడు. తలుపు పక్క కుర్చీ ఖాళీగా వదిలేయండి.