తెరమీది బొమ్మ – ఆల్బములోని పటము

బల్లమీద ఏమియు లేదు. చేతిలోని ఫోనునెత్తి అటు చూచినచో, తెరమీద అదే బల్లపై కొండపల్లి అంబారీ ఏనుగు నిలిచియుండును. ఉన్న చోటున లేని వస్తువును చూపు ఈ విద్యకు ఆగ్మెంటెడ్ రియాలిటీ అని పేరు. ఆపిల్ సంస్థ 2017లో ఐఓఎస్ 11తో పాటు ఏఆర్‌కిట్ అను సాధనమును వెలువరించినది మొదలు, ఇట్టి ప్రోగ్రాములు వ్రాయుట నావంటి వారికిని సులభమైనది.

ఆ దృశ్యమును పటముగా తీసి ఫోనులోని ఫొటోల ఆల్బములో దాచుటెట్లు? ఇందు మూడు మెట్లు కలవు.

మొదటిది, ఏ చిత్రమును తీయవలెనన్నది. కెమెరా చిత్రమునే తీసికొన్నచో అందు బల్ల యుండును గాని ఏనుగుండదు. కెమెరా ఏనుగును చూడనే లేదు గదా! బల్లయు ఏనుగును కలిసిన దృశ్యమునే గ్రహింపవలెను. సీన్‌కిట్ ద్వారా చూపు దృశ్యమునకు 'స్నాప్‌షాట్' అను ఒక్క ఆజ్ఞ చాలును. తెరమీది మీటలు ఆ పటమున పడవు.

రెండవది అనుమతి. ఆల్బము ఫోను గలవారి సొత్తు. అందు పటము నేల చేర్చుచున్నామో తెలుపు వాక్యమును ప్రోగ్రాము వెంట నుండు సమాచారపు ఫైలులో ముందే వ్రాయవలెను. మరచినచో ఫోను ప్రోగ్రామును అక్కడనే నిలిపివేయును. చేర్చుటకు మాత్రమే అనుమతి కోరిన చాలును. లోపలి పటములను చూడ మనకేల?

మూడవదానిని నేను నష్టపడి నేర్చితిని. ఒక సంక్రాంతినాడు బొమ్మల కొలువు ముందు మా అమ్మగారిని, మా పాపను కూర్చుండబెట్టి, నడుమ తెర యేనుగును నిలిపి పటము తీసితిని. 'భద్రమైనది' అని తెర చెప్పినది. దాచుమని ఆజ్ఞ యిచ్చిన వెంటనే ఆ మాట చూపునట్లు వ్రాసినది నేనే. అంతకు మున్నే ఆటలో పాప అనుమతి ప్రశ్నకు 'వద్దు' అని నొక్కియుండెను. రాత్రి వెదకగా ఆల్బమున పటము లేదు. మరుసటి సంక్రాంతికి మా అమ్మగారు లేరు.

తప్పు ఫోనుది కాదు. దాచు ఆజ్ఞతో పాటు, పని ముగిసిన పిమ్మట పిలువవలసిన మన విధానమును గూడ అప్పగింపవచ్చును. పటము చేరినదో, ఏ దోషము కలిగినదో దానికి తెలియును. ఆ కబురు వచ్చువరకు 'భద్రము' అనరాదు. అనుమతి లేకున్న, సెట్టింగులలో దాని నెట్లు మార్చవలెనో అప్పుడే చెప్పవలెను. మనుష్యులింకను ఎదుటనే యుందురు, మరల పటము తీయవచ్చును.

తెర యేనుగును ఎన్నిమార్లయినను నిలుపవచ్చును. దాని ప్రక్కన కూర్చున్నవారిని అట్లు నిలుపలేము.